ఇంటి దగ్గర తీసేవి సాధన వరకేనా, అసలైన ఫొటోలుగా నిలుస్తాయా?

వెలుగురేఖ

మొన్న లెన్సుల చర్చలో ఒక సభ్యుడు ఇలా రాశారు: "ప్రయాణాలు ఆగిపోయినప్పుడు ఇంట్లో తీసేవన్నీ చేయి మొద్దుబారకుండా ఉండటానికే. వాటిని పోర్ట్‌ఫోలియోలో పెట్టకూడదు." అక్కడ జవాబు రాస్తే చర్చ పక్కదారి పడుతుందని ఇక్కడ వేరుగా మొదలుపెడుతున్నాను.

నేను ఈ మాట ఒప్పుకోను. ఇప్పటికీ మిగిలి ఉన్న కెమెరా ఫొటోల్లో అన్నిటికన్నా పాతది ఫ్రాన్స్‌లో నియెప్స్ 1826-27 ప్రాంతంలో తీసినది. అందులో ఉన్నవి ఆయన ఇంటి మేడ కిటికీలోంచి కనిపించిన కప్పులూ గోడలే. చెక్ ఫొటోగ్రాఫర్ జోసెఫ్ సుదెక్ అయితే 1940 నుంచి 1954 దాకా ప్రాగ్‌లో తన స్టూడియో కిటికీని తీస్తూనే ఉన్నారు. నాజీల ఆక్రమణలో, బయట కెమెరాతో తిరగడం కష్టమైన రోజుల్లో మొదలైన పని అది. ఆవిరి పట్టిన అద్దం, దాని వెనక వంకర తిరిగిన ఒక చెట్టు. యుద్ధం ముగిసి బయటికి వెళ్లే వీలు దొరికాక కూడా ఆయన ఆ కిటికీని వదల్లేదు. సాధన కోసమే అయితే 1945లోనే ఆపేసేవారు కదా?

దూరతీరం

ఆ మాట రాసింది నేనే.

సుదెక్ పేరు ఇలాంటి ప్రతి చర్చలోనూ వస్తుంది. 1940 నాటికి ఆయనకు నలభై దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకుని, ఆ తర్వాత ప్రాగ్‌లోని సెయింట్ వైటస్ కెథడ్రల్ (పెద్ద చర్చి) పనులు జరుగుతుంటే ఏళ్ల తరబడి అక్కడే ఉండి తీసిన మనిషి. ఆ కన్ను వేరే చోట తయారై కిటికీ దగ్గరికి వచ్చింది. కొత్తగా కెమెరా కొన్నవాళ్లకు "మీ కిటికీ చాలు" అని చెప్పడం ఓదార్పు మాత్రమే.

నా పని మనుషులతో. తెలియని చోటికి వెళ్లి, వాళ్లతో కూర్చుని, నమ్మకం కుదిరాక తీస్తాను. ఆ పని ఆగిపోవడం నాకు నిజమైన నష్టం. దానికి బదులు టేబుల్ మీద గ్లాసు తీసుకోమంటే మనసు ఒప్పదు. పైగా ప్రయాణాలు ఆగిన ప్రతిసారీ అందరూ పెట్టేవి అవే: నీటి బొట్లు, కప్పులోంచి లేచే ఆవిరి, కర్టెన్ నీడ. కింద పేరు తీసేస్తే ఏది ఎవరిదో చెప్పలేం.

చిన్నలోకం

నీటి బొట్లంటే నాకూ విసుగే. అయితే ఫొటోలన్నీ ఒకేలా ఉండటానికి కారణం, మొదటి బాగున్న ఫ్రేమ్ దగ్గరే అందరం ఆగిపోవడం. ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక క్యాప్సికమ్‌ను తగరపు గరాటులో పెట్టి తీసిన ఫొటో చూడండి. దాని నంబరే 30! అదే సబ్జెక్టు మీద ముందు ఎంత పని జరిగిందో ఆ నంబరే చెబుతోంది. విల్సన్ బెంట్లీ అమెరికాలోని వెర్మాంట్‌లో సొంత పొలం దగ్గరే మైక్రోస్కోప్‌కు కెమెరా తగిలించి 1885లో మొదటి మంచు స్ఫటికాన్ని తీశారు. 1931లో చనిపోయేలోగా ఐదు వేలకు పైగా తీశారు.

మాక్రో లెన్స్ (చాలా దగ్గరి నుంచి తీసేది) లేదని ఆగకండి. 50 ఎంఎం లెన్స్ వెనక 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) పెడితే వస్తువు అసలు సైజులో సగం సెన్సార్ మీద పడుతుంది. మొత్తం 50 ఎంఎం ట్యూబులు పెడితే పూర్తి సైజు. అంత దగ్గరికి వెళ్లాక అంతా ఫోకస్‌లో ఉండాలని లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/22 దాకా మూసేయొద్దు (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). పూర్తి సైజు (1:1) దగ్గర మీరు పెట్టిన ఎఫ్/11 ఎఫ్/22లా పనిచేస్తుంది, డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రం గుండా వెళ్లేటప్పుడు వెలుగు పరుచుకోవడం వల్ల వివరాలు మెత్తబడతాయి. ఎఫ్/5.6 దగ్గరే ఉంచి, ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసి, ఆ ఫ్రేములన్నీ కంప్యూటర్‌లో ఒకటిగా కలపండి.

ఇంకొకటి. ఎల్‌సీడీ మానిటర్‌లో ఖాళీ తెల్ల పేజీ తెరిచి, దాని ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా పెట్టండి. లెన్స్‌కు పోలరైజర్ (ఒకే దిశలో కంపించే వెలుగును పంపే ఫిల్టర్) తగిలించి మెల్లగా తిప్పండి. ఒక కోణంలో తెర నల్లబడుతుంది, ప్లాస్టిక్‌లో మాత్రం రంగుల చారలు మిగులుతాయి. అచ్చు పోసినప్పుడు ప్లాస్టిక్‌లో ఉండిపోయిన ఒత్తిడే అలా రంగులుగా కనబడుతుంది. నేనింకా దీని నుంచి బయటపడలేదు.

నిశ్శబ్దషట్టర్

కిటికీ అనగానే చాలామంది టెలీ లెన్స్ (దూరాన్ని దగ్గరగా చూపేది) తగిలించి ఎదురింటి బాల్కనీ వైపు తిప్పుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అక్కడి వాళ్లు తాము ఎవరి కంటా పడటం లేదనుకుని నిలబడి ఉంటారు. ఇల్లు దాటలేని రోజుల్లో వాళ్లకు ఉన్న కాస్త ఏకాంతం కూడా అదే.

వెలుగురేఖ

బాల్కనీ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. రోడ్డు సంగతి వేరనుకుంటాను. ఆండ్రే కెర్తెజ్ న్యూయార్క్‌లో తన ఫ్లాట్ నుంచి కింద ఉన్న వాషింగ్టన్ స్క్వేర్ పార్కును తీశారు. 1954 శీతాకాలం ఫొటోలో మంచు, నల్లటి కొమ్మలు, వాటి మధ్య నడిచే చిన్న ఆకారం. ఆ మనిషెవరో ఎవరికీ తెలియదు.

నిశ్శబ్దషట్టర్

ముఖం కనిపించకపోవడం ఒక్కటే చాలదు. మన వీధిలో నడకను బట్టే మనిషిని పోల్చుకుంటారు. ఫొటోలో ఉన్న మనిషికి దాన్ని నేరుగా చూపించగలనా అని నేను ప్రశ్నించుకుంటాను. చూపించలేననిపిస్తే తీయను.

దూరతీరం గారూ, మీకు మనుషులే కావాలంటే పక్కింటివాళ్లను అడిగి చూడండి. వాళ్లు లోపల, మీరు బయట, మధ్యలో కిటికీ అద్దం.

దూరతీరం

ఆలోచించాను. అది నేను చేసే పనికన్నా కష్టం. ప్రయాణంలో కలిసినవాళ్లను తీసి, నేను వచ్చేస్తాను. పక్కింటివాళ్లు ఆ ఫొటో చూస్తారు, నచ్చకపోతే రోజూ ఎదురుపడతారు. నిజాయితీగా తీయడానికి అక్కడ ఎక్కువ ధైర్యం కావాలి.

కానీ నా మొదటి అభ్యంతరం అలాగే ఉంది. దగ్గరున్నది సరిపోతుంది అనడం వేరు, దూరం అక్కర్లేదనడం వేరు. రెండోది ఎవరన్నా ఒప్పుకోను.

వెలుగురేఖ

దూరం అక్కర్లేదని నేనూ అనను. దూరం వెళ్లినవాళ్లకు దొరకనిది ఇక్కడ ఒకటుంది, అదే చెబుతున్నాను. సూర్యుడు ఏడాదిలో భూమధ్యరేఖకు ఉత్తరంగా 23.4 డిగ్రీలు, దక్షిణంగా 23.4 డిగ్రీలు జరుగుతాడు. దాంతో ఉదయించే చోటు, అస్తమించే చోటు రోజూ కాస్త మారతాయి. మా వెనక గదిలో ఒక గోడ మీద సాయంత్రం వెలుగు ఏడాదిలో కొన్ని వారాలే పడుతుంది. అదీ కాసేపే. ముందు తలుపు అంచు వెలుగుతుంది, తర్వాత స్విచ్‌బోర్డు, ఆ తర్వాత గోడ మీది పగులు పొడవునా ఒక గీత. ప్రయాణంలో రెండు రోజులు ఆగేవాళ్లకు ఆ వరుస కనబడే అవకాశమే లేదు. దాన్ని పోర్ట్‌ఫోలియోలో పెడతాను, సాధన అని రాయను.

అదే గదిలో ఇప్పుడు కిటికీని నల్ల అట్టతో పూర్తిగా మూసి, ఒక సెంటీమీటరు రంధ్రం చేశాను. ఎదుటి గోడ మీద వీధి తలకిందులుగా పడుతోంది. పడిన బొమ్మను ట్రైపాడ్ మీది నుంచి ఐఎస్‌ఓ (సెన్సార్ వెలుగుకు స్పందించే స్థాయి) 800తో తీస్తున్నాను, కానీ మసకగా వస్తోంది. చిన్నలోకం గారూ, రంధ్రం తగ్గించనా?

చిన్నలోకం

తగ్గిస్తే పదును పెరుగుతుంది, కానీ వెలుగు బాగా పడిపోతుంది. వ్యాసం సగమైతే వెలుగు నాలుగో వంతు. దానికన్నా పాత కళ్లద్దాల్లో ప్లస్ పవర్ ఉన్నది రంధ్రానికి పెట్టండి. ప్లస్ 0.5 అయితే రెండు మీటర్ల దూరంలో, ప్లస్ 1 అయితే మీటరు దూరంలో బొమ్మ పదునుగా పడుతుంది. గోడ అంతకన్నా దూరంగా ఉంటే తెల్ల దుప్పటి ఒకటి ఆ దూరంలో కట్టండి. ఎండ ఎదురిళ్ల మీద పడే సమయంలో తీయండి.

దూరతీరం

కింద వీధిలో మనుషులు నడుస్తుంటే గోడ మీద కదలడం కనిపిస్తుందా?

వెలుగురేఖ

కనిపిస్తుంది. కానీ ఎక్స్‌పోజర్ (సెన్సార్ మీద వెలుగు పడే సమయం) ముప్పై సెకన్లు, కాబట్టి నడిచేవాళ్లు ఫొటోలో పడరు. ఎక్కడైనా ఆగి నిలబడినవాళ్లే మిగులుతారు, అదీ నీడలా. రేపు లెన్స్ పెట్టి మళ్లీ తీసి ఇక్కడే పెడతాను.