‘మోహపుచూపు’ సొంత భార్య విషయంలోనూ పాపమేనా?

బైబిల్లో మత్తయి 5:28లో ‘ఒక స్త్రీని మోహపుచూపుతో చూచు ప్రతివాడు’ అప్పుడే హృదయంలో ఆమెతో వ్యభిచారం చేసినట్టేనని యేసు అన్నాడు కదా, భర్త భార్యను అలా చూసినా అంతేనా అని ఒకరు అడిగారు.

దాని ముందు వచనం వ్యభిచారం గురించిన ఆజ్ఞ. కాబట్టి అక్కడి మాట ముందుగా తనది కాని మనిషిని ఆశించడం గురించే. కోరికే చెడ్డదని కాదు. లూకా 22:15లో పస్కా అనే యూదుల పండుగ భోజనం గురించి యేసు ‘మిక్కిలి ఆశపడితిని’ అన్నప్పుడు కూడా గ్రీకులో ఉన్నది అదే క్రియ.

ఇక బైబిల్లోని ప్రేమగీతమైన పరమగీతము 7:10 చూడండి: ‘నేను నా ప్రియునిదానను అతడు నాయందు ఆశాబద్ధుడు’. ఈ మాట అంటున్నది ఆమె. ఎంత ధీమాగా అంటోందో! అతని కోరిక ఆమెకు భయం కాదు, మురిపెం. పిల్లల కోసమే అన్న సాకు కూడా ఎత్తదు.

అయితే పెళ్లయింది కాబట్టి ఎలా చూసినా చెల్లుతుందా? 1980 అక్టోబర్ 8న పోప్ రెండో జాన్ పాల్, భార్యను కేవలం తన కోరిక తీర్చే వస్తువుగా చూసేవాడు ఆమెతోనే హృదయంలో వ్యభిచారం చేసినట్టని అన్నారు. పత్రికల్లో పెద్ద గోలే అయింది. ‘వ్యభిచారం’ అన్న పదం ఇక్కడ కాస్త ఎక్కువేమో అని నాకు అనిపిస్తుంది గానీ, ఆయన పట్టుకున్న సమస్య మాత్రం నిజం.

వ్యాఖ్య: మరి 1 కొరింథీయులకు 7:4లో భార్యకు తన దేహముపైన అధికారము లేదని ఉంది కదండీ?

జవాబు: సగంలో ఆపేశారండీ! వెంటనే ‘భార్యకేగాని భర్తకు తన దేహముపైన అధికారము లేదు’ అని ఉంది. సొంత ఒంటి మీదే అధికారం లేనివాడు ఆమెను బలవంతం ఎలా చేస్తాడు? ఐదో వచనంలో, ఈ పత్రిక రాసిన పౌలు ‘ఉభయుల సమ్మతి’ అన్నది కొంతకాలం దూరంగా ఉండటానికి, నిజమే. దూరం ఉండటానికే ఇద్దరూ ఒప్పుకోవాలంటే, దగ్గరవడానికి ఒక్కరి ఇష్టం సరిపోతుందా?

ఒంట్లో బాగోలేక భార్య అటు తిరిగి పడుకుంది అనుకోండి. ఆమె మీద ఇష్టం ఉన్నవాడు జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాడు. మోహం పట్టినవాడు అలిగి, పొద్దున కాఫీ ఇచ్చినా మాట్లాడడు. ఇంకొందరైతే ఈ వచనాన్నే తీసి చదువుతారు, అది మరీ అన్యాయం.

వ్యాఖ్య: భార్య కోపంతో నెలల తరబడి దూరం పెడితే?

జవాబు: అదీ తప్పే. అదే ఐదో వచనంలో ‘ఎడబాయకుడి’, అంటే దూరం పెట్టుకోకండి, అన్నది ఇద్దరికీ. కానీ ఆ కోపం దేనిమీదో ముందు అడగాలి కదండీ. చాలా ఇళ్లలో గొడవ మొదలైంది పడకగదిలో కాదు.