ఆటో సీప్యాప్ 4–20 రేంజ్‌లో ఉంది, అలసట తగ్గట్లేదు. ఏం మార్చాలి?

వేకువ: నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకి (స్లీప్ ఆప్నియా) ఆటో సీప్యాప్ వాడుతున్నానండి, అదే ప్రెషర్ తనే సర్దుకుంటూ మాస్క్ ద్వారా గాలి కొట్టే మెషిన్. ప్రెషర్ రేంజ్ 4 నుంచి 20 (సెం.మీ. నీటి ఒత్తిడి) పెట్టి ఇచ్చారు. ఏహెచ్ఐ, అంటే గంటకి ఊపిరి ఆగిన లేదా తగ్గిన సార్లు, 9 దగ్గరే తిరుగుతోంది. మాస్క్ పెట్టుకోగానే గాలి చాలనట్టు ఉంటుంది. లేస్తే తలనొప్పి.

గాలిబుడగ: మీ ఇబ్బంది కింది హద్దుతో అనిపిస్తోంది. 4తో ఊపిరి చాలనట్టు ఉందని చాలామంది అంటారు. పైగా ఆటో మెషిన్ గొంతు ముడుచుకోవడం గమనించాకే ప్రెషర్ నెమ్మదిగా పెంచుతుంది. 4 నుంచి ఎక్కి అవసరమైన చోటికి చేరేలోపు ఇంకో రెండు ఆప్నియాలు (ఊపిరి ఆగడాలు) వచ్చిపోతాయి. రిపోర్టులో 95 శాతం ప్రెషర్ చూడండి. రాత్రి 95 శాతం సమయం ఆ అంకెలోనో, అంతకంటే తక్కువలోనో గడిచిందని అర్థం. నాది 11 ఉండేది. డాక్టర్ కింది హద్దు 8 చేశాక ఏహెచ్ఐ 5 లోపుకి దిగింది.

గురకవీరుడు: ముందు మాస్క్ పక్కల నుంచి గాలి లీక్ అయ్యే సంగతి తేల్చండి బాబూ! లీక్ ఎక్కువైతే మెషిన్ చెప్పే ఏహెచ్ఐనే నమ్మలేం. రెస్‌మెడ్ కంపెనీ మెషిన్లలో అయితే నిమిషానికి 24 లీటర్లు దాటకూడదు. అలాగని పట్టీలు బిగించేయకండి, కుషన్ నలిగి ఇంకా కారుతుంది.

వేకువ: లీక్ 10 లోపే. 95 శాతం ప్రెషర్ 10. ఎక్స్‌హేల్ రిలీఫ్ (ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గించే సెట్టింగ్) 3లో ఉంది.

గాలిబుడగ: అది కూడా చూసుకోవాలి. కింది హద్దు 8 చేసి రిలీఫ్ 3 ఉంచితే, ఊపిరి వదిలేటప్పుడు మీకు అందేది 5 మాత్రమే. కొందరికి గొంతు మూసుకునేది అప్పుడే.

మధ్యరాత్రి: ఒక హెచ్చరిక. ఆ 9లో ఏ రకం ఎన్నో విడదీసి చూశారా? నాకు ప్రెషర్ పెంచితే అబ్‌స్ట్రక్టివ్‌లు (గొంతు మూసుకుని వచ్చేవి) తగ్గి సెంట్రల్‌వి పెరిగాయి. సెంట్రల్ అంటే దారి తెరిచే ఉంటుంది, ఊపిరి తీయమని మెదడు చెప్పదు. దానికి ఇంకా గాలి కొడితే లాభం లేదు. కొత్తగా వాడేవాళ్లలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గడమూ ఉంది. గుండె జబ్బున్నా, ఓపియాయిడ్ నొప్పి మందులు వాడుతున్నా మాత్రం సొంతంగా ముట్టుకోకండి.

వేకువ: ఎక్కువగా అబ్‌స్ట్రక్టివ్, హైపాప్నియాలే (ఊపిరి పూర్తిగా ఆగకుండా తగ్గడం). డాక్టర్‌తో మాట్లాడాను, ముందు కింది హద్దు 7 చేయమన్నారు. రిలీఫ్ కూడా తగ్గించేయనా?

గురకవీరుడు: రెండూ ఒకేసారి వద్దు. దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. 7తో ఒక వారం చూడండి, గాలి మింగి కడుపు ఉబ్బరం వస్తే ఇక్కడ చెప్పండి.