‘ఇస్నోఫీలియా’ అంటే అసలు అర్థం ఏంటండీ?

ఎవరు పది రోజులు దగ్గినా మా నాయనమ్మ ‘వీడికి ఇస్నోఫీలియా, చల్లవి పెట్టకండి’ అని తేల్చేసేది. మా ఊళ్ళో అందరూ అంతే. ఇంత చలామణీలో ఉన్న ఈ మాట ఎక్కడిది, తెలుగులో ఏమనొచ్చు?

➤ ఇయోసిన్ అని గులాబీ ఎరుపు రంగు ఒకటుంది. గ్రీకుల వేకువ దేవత ఈయోస్ పేరే దానికి పెట్టారు, మన ఉషస్సుదీ ఆమెదీ ఒకటే మూలం. ఆ రంగును ఇట్టే పట్టేసుకునే తెల్లకణాలను (ఇయోసినోఫిల్స్) 1879లో పాల్ ఎర్లిక్ గుర్తించాడు. అవి ఎక్కువైతే ఇయోసినోఫిలియా, అదే మన నోట్లో ‘ఇస్నోఫీలియా’ అయింది. ‘ఫిల్’ అంటే ఇష్టపడేది కాబట్టి ‘ఉషఃప్రియం’ అందామా 😀

➤ రేడియాలజీలో పనిచేస్తాను కాబట్టి ఒక మాట. ఇది జబ్బు పేరు కాదండీ, రక్తపరీక్షలో వచ్చే ఆ కణాల లెక్క. మైక్రోలీటరుకు 500 దాటితే ఎక్కువ కింద లెక్క. ఎందుకు పెరిగిందన్నది వేరే ప్రశ్న: ఏలికపాముల పిల్లలు ఊపిరితిత్తుల మీదుగా ప్రయాణం చేయడం, కొన్ని మందులు పడకపోవడం, ఆస్పర్‌జిల్లస్ బూజు, ఒక్కోసారి కారణమే దొరకదు. ఏలికపాములదైతే ఎక్స్‌రేలో ఇవాళ ఇక్కడున్న మచ్చ వారం తర్వాత ఇంకోచోట ఉంటుంది, నెలలోపు దానంతటదే పోతుంది. కారణం దొరకని దీర్ఘకాలిక రకంలో కొందరికి తెలుపంతా అంచుల్లో, పైభాగంలో కనిపిస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే తెలుపు మధ్యలో ఉంటుంది కదా, ఇది దానికి ఫొటో నెగటివ్‌లా అన్నమాట. సీటీలో ఇంకా బాగా తెలుస్తుంది, అయినా ఒక్క బొమ్మ చూసి తేల్చేయలేం.

➤ బోదకాలు పురుగును మరిచారు! రాత్రిళ్ళు ఆగని దగ్గు, పిల్లికూతలు, ఎక్స్‌రే నిండా సన్నటి చుక్కలు, చూస్తే అచ్చం మిలియరీ టీబీ (ఊపిరితిత్తుల నిండా చుక్కలు చల్లినట్టు కనిపించే టీబీ), లెక్క 3000 పైనే. 1940లో మన మదనపల్లె ఆరోగ్యవరం టీబీ శానటోరియం నుంచే ఫ్రిమొట్ మోలర్, బార్టన్ దీన్ని ‘టీబీలా కనిపించే జబ్బు’గా రాశారు. ‘ట్రాపికల్ ఇస్నోఫీలియా’ పేరు 1943లో వీన్‌గార్టెన్ పెట్టింది. పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోతాయి, అందుకే రక్తంలో వెతికితే సాధారణంగా దొరకవు. డీఈసీ మాత్రలు (బోదకాలు పురుగుకిచ్చే మందు) మూడు వారాలు వాడిస్తే చాలామందికి దగ్గు తగ్గిపోతుంది.

➤ (అడిగినవాణ్ణే) అంటే చల్లవి మానిపించి లాభం లేదన్నమాట, చిన్నప్పుడు నేను వదులుకున్న ఐసులన్నీ దండగేనా! ‘ఉషఃప్రియం’ మాత్రం వద్దులెండి, ఇప్పుడే ఫోన్లో అమ్మకి చెప్తే ‘ఎవరమ్మాయిరా?’ అంది.