ఉగాది కమిటీ గ్రూపులో: స్టేజీ బ్యాక్‌డ్రాప్ (వెనక కట్టే బ్యానర్) ఫైలు వెనక్కొచ్చింది, గురువారం సాయంత్రం 5 లోపు కొత్తది పంపాలి

డెకరేషన్: 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తుకు అంగుళానికి కనీసం 75 పిక్సెళ్లు కావాలట, ప్రింట్ షాపు వాళ్లు ఈ ఫైలు తీసుకోలేం అన్నారు. అందులో వేసిన మన పాత గ్రూప్ ఫొటో 1600 × 1067 పిక్సెళ్లే. పులిహోర లెక్క, పార్కింగ్ తర్వాత చూద్దాం, ముందు ఇది తేల్చండి.

ట్రెజరర్: రాత్రే 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) మార్చి పంపాను కదా!

సావనీర్ (ప్రత్యేక సంచిక): అన్నా, మారింది అంకె ఒక్కటే. రీశాంపుల్ (పిక్సెళ్ల సంఖ్య మార్చడం) టిక్ తీసేస్తే పిక్సెళ్లు అవే 1600. ఉంచితే సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెళ్లను చూసి ఊహించి నింపుతుంది. 120 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 13. జేపెగ్ ఫొటోను 8 × 8 పిక్సెళ్ల గడులుగా దాస్తుంది, ఆ గడి ఒక్కోటి అర అంగుళం దాటుతుంది, పెద్దవాళ్ల ముఖాల మీద పెంకులు పేర్చినట్టుంటుంది.

ట్రెజరర్: జనం కూర్చునేది 20 అడుగుల అవతల, ఎవరికి కనిపిస్తుంది? రష్ ఫీజు ఎవరిస్తారు?

ఆడియో వీడియో: కుర్చీల్లోంచి మీ మాట నిజమే, అక్కడికి అంగుళానికి 15 పిక్సెళ్లు ఉంటే చాలు. ఫొటోలు దిగేవాళ్ల లైను మాత్రం 6 అడుగుల్లో ఉంటుంది. అక్కడ 50 కావాలి.

డెకరేషన్: వాదనలు ఆపి దారి చెప్పండి, టైం లేదు.

సావనీర్: అసలు ప్రింటు పెద్దమ్మగారి ఆల్బంలో ఉంది, 6 × 4 అంగుళాలు. 600 డీపీఐలో స్కాన్ చేస్తే 3600 × 2400. 10 అడుగులకు అదీ 30 మాత్రమే. 1200 పెట్టినా గ్రెయిన్ (ఫొటోలోని రేణువులు) పెద్దదవుతుంది, వివరం పెరగదు. ఫొటోను బ్యానర్ మీంచి తీసేసి 36 × 24 అంగుళాల ఫోమ్ బోర్డు మీద వేద్దాం, సరిగ్గా 100 వస్తుంది. బ్యానర్ మీద అక్షరాలు, మామిడి తోరణం చాలు, వెక్టర్ పీడీఎఫ్‌గా (పిక్సెళ్లు కాకుండా గీతలతో ఉండేది, ఎంత పెంచినా చెదరదు). తెలుగు ఫాంటును కర్వ్స్‌గా (అక్షరాలను గీతల ఆకారాలుగా) మార్చాకే పంపండి, లేకపోతే షాపు కంప్యూటర్లో వత్తులు విడిపోతాయి.

ఆడియో వీడియో: ఆ 1600 ఫొటో నాకివ్వండి. ప్రొజెక్టర్ 1920 × 1080, ఎత్తు దాదాపు సరిపోతుంది.

ట్రెజరర్: తొందరపడ్డాను, ఏమనుకోకమ్మా. స్కానర్ మా ఇంట్లో ఉంది, ఆల్బం నేనే తెస్తాను.

సావనీర్: సంతోషం అన్నా. అద్దం మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. గరుకు కాగితమైతే 180 డిగ్రీలు తిప్పి ఇంకోసారి స్కాన్ చేయండి, రెండూ కలిపితే మెరుపు చుక్కలు తగ్గుతాయి. టిఫ్ (నాణ్యత తగ్గించకుండా దాచే ఫైలు) గా సేవ్ చేయండి, షార్పెనింగ్ ఆఫ్. వాట్సాప్‌లో ఫొటోగా వద్దు, డ్రైవ్ లింకు పెట్టండి.

డెకరేషన్: పీడీఎఫ్ 4:40కి వెళ్లింది, షాపు ఓకే చేసింది. ఫోమ్ బోర్డు గుమ్మం దగ్గర నిలబెట్టడానికి స్టాండు ఎవరింట్లో ఉంది?