టెలిగ్రామ్‌లో నంబరు దాస్తే చాలా, గ్రూపే వదిలేయాలా?

గూటిపావురం:
2019 ఆగస్టులో హాంకాంగ్ ఉద్యమకారులు టెలిగ్రామ్‌లో ఒక లొసుగు పట్టుకున్నారు. నంబరు ఎవరికీ కనబడకుండా పెట్టుకున్నా, ఎవరైనా వరసగా వేల నంబర్లు తమ కాంటాక్టుల్లో ఎక్కించి గ్రూపులో చేరితే, ఏ సభ్యుడిది ఏ నంబరో తేలిపోయేది. అక్కడి నంబర్లు ఎనిమిదంకెలే కాబట్టి అదేమంత పెద్ద పని కాదు. నిరసనకారుల, విలేకరుల ఫొటోలు, ఫోన్ నంబర్లు సైట్లలో పెట్టి వేధిస్తున్న రోజులవి. సెప్టెంబరులో టెలిగ్రామ్ సరిచేసింది. మరి ఇప్పుడు దాస్తే సరిపోతుందా?

తాళంచెవి:
సరిపోతుంది, రెండు చోట్లా మారిస్తేనే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో ఫోన్ నంబర్. ‘ఎవరు చూడొచ్చు’ దగ్గర నోబడీ పెట్టగానే కింద ఇంకోటి వస్తుంది: ‘నంబరుతో ఎవరు వెతకొచ్చు’. చాలామంది పైది మార్చి కిందది ఎవ్రీబడీగానే వదిలేస్తారు. ఆ పాత దారి అక్కడే తెరుచుకుని ఉంటుంది. మై కాంటాక్ట్స్ పెట్టండి. కాంటాక్టుల సింక్ ఆపి, ఇప్పటికే ఎక్కినవి చెరిపేయండి.

నల్లగొడుగు:
తాళంచెవి గారూ, మీరు చెప్పింది వేధించేవాళ్లను ఆపుతుంది, ప్రభుత్వాన్ని ఆపదు. టెలిగ్రామ్ గ్రూపులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప కంపెనీ కూడా చదవలేని తాళం లేదు. అది ఉన్న సీక్రెట్ చాట్ ఇద్దరి మధ్యే. ఎవరు ఎక్కడ కలవాలన్న మాటలు సిగ్నల్ యాప్‌లోనే జరగాలి. 2024 నుంచి అందులో యూజర్‌నేమ్‌లు ఉన్నాయి, అవతలివాళ్లకు నంబరు ఇవ్వక్కర్లేదు. మెసేజ్‌లు ఒక్కరోజులో మాయమయ్యేలా పెట్టండి.

తాళంచెవి:
సిగ్నల్ గ్రూపులో వెయ్యిమందే పడతారు, టెలిగ్రామ్‌లో రెండు లక్షలు. బాష్పవాయువు ఏ వీధిలో వదిలారో, ఫస్ట్ ఎయిడ్ ఎక్కడ దొరుకుతుందో వెయ్యిమందికి చెబితే ఏం లాభం? అంత పెద్ద గ్రూపులో ఇన్ఫార్మర్ ఉన్నాడనే అనుకోవాలి. వాడు స్క్రీన్‌షాట్ తీస్తే ఏ ఎన్‌క్రిప్షనూ ఆపలేదు. మనిషిని పట్టించేది ఇన్‌స్టాలో వాడిన యూజర్‌నేమే, ఆ డీపీనే ఇక్కడా పెట్టుకోవడం.

రాత్రిపాళీ:
మీ ఇద్దరూ సిమ్ సంగతి వదిలేశారు. 2019లో హాంకాంగ్‌లో గుర్తింపు కార్డు చూపకుండా ప్రీపెయిడ్ సిమ్ దొరికేది. 2022 మార్చి నుంచి కొత్త సిమ్‌లన్నిటికీ అసలు పేరు ఇవ్వాల్సిందే. మన దగ్గర కేవైసీ ఎలాగూ ఉంది. కాబట్టి ‘రెండో సిమ్ తీసుకో’ అన్న పాత సలహా నమ్మకండి.

ఇంకో ప్రమాదం లాగిన్ కోడ్. అది ఎస్ఎంఎస్‌లో వస్తే, టెలికాం కంపెనీని చేతిలో పెట్టుకున్నవాళ్లు మధ్యలో అందుకోగలరు. 2016లో రష్యాలో ఇద్దరు ఉద్యమకారుల ఖాతాల్లోకి అలాగే చొరబడ్డారు. టూ స్టెప్ వెరిఫికేషన్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే కోడ్ ఒక్కటే చాలదు.

నల్లగొడుగు:
ఇది ఒప్పుకుంటా. ఫోనే చేతికి చిక్కితే?

రాత్రిపాళీ:
2022 నవంబరులో చైనాలో కోవిడ్ ఆంక్షల మీద ఖాళీ కాగితాలు పట్టుకుని చేసిన తెల్లకాగితం నిరసనల తర్వాత పోలీసులు దారిలో ఆపి, ఫోన్లలో వీపీఎన్ (బ్లాక్ చేసిన సైట్లు తెరిచే యాప్), టెలిగ్రామ్ ఉన్నాయా అని వెతికారు. అలాంటి చోటికి ఆ ఫోన్ తీసుకెళ్లకపోవడమే మేలు. తప్పదంటే, ఐఫోన్‌లో పక్క బటన్, వాల్యూమ్ బటన్ కలిపి స్విచాఫ్ స్లైడర్ వచ్చేదాకా నొక్కి పట్టండి. ఆ తర్వాత ముఖం చూపించినా తెరుచుకోదు, పాస్‌కోడ్ కొట్టాల్సిందే. జేబులో చెయ్యి పెట్టి చూడకుండా నొక్కడం ముందే అలవాటు చేసుకోండి.