రేయి నడుము: ఒక కొరియన్ పద్యం గురించి

మొన్న ఇక్కడ ఒకరు అడిగారు: ఇంగ్లిషులో చదివిన కొరియన్ పద్యంలో ఒకావిడ చలికాలపు రాత్రి వెన్ను విరుస్తానంటుంది, ప్రేమ పద్యంలో ఈ విరవడమేమిటి అని. వివరంగా చెప్పాలనిపించింది.

ఆ పద్యం హ్వాంగ్ జినీది. 16వ శతాబ్దం, కేసాంగ్ ఊరు, ఆటపాటలు వృత్తిగా ఉన్న గిసేంగ్ స్త్రీ. 1728లో కిమ్ చొన్‌తేక్ కూర్చిన పాటల సంకలనంలో ఇది ఉంది. ఛందస్సు సిజో, మూడే పాదాలు. మూలంలో విరిచేది వెన్ను కాదు, కోసేది నడుము. ‘హన్ హొరి’ అంటుంది. హొరి అంటే నడుము. హన్ అంటే ‘ఒక’ అనీ వస్తుంది, ‘సరిగ్గా మధ్య’ అనీ వస్తుంది. హన్‌బమ్ అంటే నడిరేయి.

ఇప్పుడు మన మాట చూడండి. నడుము, నడుమ, నడిరేయి, నట్టనడి. ఒంట్లో నడుమ ఉన్నది నడుము. ఇంగ్లిషులో మామూలుగా ఒంటి నడుముకి ఒక మాట, మధ్యకి వేరే మాట, అనువాదకుడు ఏదో ఒకటి వదులుకోవాలి. మనం ‘రేయి నడుము కోసి’ అంటే చాలు, రెండూ అందులోనే ఉన్నాయి. వెన్ను విరవడం ఇంగ్లిషులో కష్టమైన పనిలో పెద్ద భాగం అవగొట్టడానికి వాడే మాట. జినీకి ఆ రాత్రి బరువైన పని కాదు, దాచుకోదగ్గ సొత్తు.

నేను చేసుకున్న తెలుగు:

చలినెల పొడుగాటి రేయి నడుము కోసి
వసంతపు గాలి దుప్పటి కింద చుట్టలు చుట్టలుగా దాచి
సామి వచ్చిన రాతిరి వంపు వంపుగా విప్పుతాను

కోసి, దాచి, విప్పుతాను: మూలంలోనూ ఇదే వరస, అసలు క్రియ చిట్టచివరనే. విప్పడం కోసం పద్యమంతా ఆగుతుంది. చుట్టలు చుట్టలుగా అన్నచోట ‘సొరిసొరి’, పాము చుట్ట చుట్టుకున్నట్టు. వంపు వంపుగా అన్నచోట ‘గుబిగుబి’, ఏరు మెలికలు తిరిగినట్టు. ఆ ఇంగ్లిషు అనువాదంలో ఈ జంటమాటలు రెండూ పోయాయి. నాకు అన్నిటికంటే బాధ అదే.

— చాలా బాగుందండీ. ‘సామి’ ఎందుకు, ‘ప్రియుడు’ అనొచ్చుగా?

— మూలంలో ‘నిమ్’ అండీ. ప్రియుడు, ప్రభువు, దైవం, అన్నిటికీ అదే. 1926లో హాన్ యొంగ్‌ఉన్ అనే బౌద్ధ భిక్షువు ‘నిమ్ మౌనం’ అని కవితలు అచ్చు వేస్తే ఆ నిమ్‌లో ప్రియుణ్ణీ, బుద్ధుణ్ణీ, జపాను చేతిలో ఉన్న దేశాన్నీ చదువుకున్నారు. మనం పాడుకునే శృంగార పదాల్లో నాయిక ‘సామీ’ అన్నప్పుడు గుడిలో దేవుడూ మంచం మీది మనిషీ ఒకరే కదా. పైగా జినీ ‘వచ్చిన’ అన్నచోట గౌరవరూపం వాడింది. ప్రియుడు అంటే అది నిలవదు.

— మరి మూలంలో సామికి ముందున్న ‘ఒరొన్’ అనే మాట వదిలేశారేం?

— అక్కడే ఆగిపోయానండీ. దాన్ని చలికి గడ్డకట్టిన అనీ చదువుతారు, కూడిన, జత అయిన అనీ చదువుతారు. పెద్దవాళ్లకి కొరియన్‌లో ఇప్పుడు వాడే ‘ఒరున్’ ఈ రెండో అర్థపు క్రియ నుంచే వచ్చింది. దుప్పటి కింద వసంతం ఉంది కాబట్టి చలిలోంచి వచ్చేవాడు అనుకుంటే బాగుంటుంది, కానీ రెండోది పోతుంది. చలికి బిగుసుకోవడం, ఒకరితో ఒకరు కలవడం, రెండూ ఒక్క మాటలో చెప్పే పాత తెలుగు మాట మీ ఊళ్లో ఏదైనా ఉంటే చెప్పండి.