పలాస నుంచి విజయనగరం ఇల్లు మారుతున్నాం. రాత్రి బండికి ఒప్పుకోవచ్చా?

మా ఆయనకి బదిలీ అయింది. వచ్చే ఆదివారానికి విజయనగరం చేరాలి. సామాన్లు మార్చేవాళ్లతో మాట్లాడితే, శనివారం రాత్రి పదకొండుకి లోడింగ్ మొదలెట్టి తెల్లారేసరికి దింపేస్తామన్నారు. డ్రైవరు ఆ పగలే బరంపురంలో ఇంకో ఇల్లు దింపి వస్తాడట. హెల్పర్లు ముగ్గురూ వెనక సామాన్ల మధ్యే కూర్చుంటారట. "ఎప్పుడూ అంతే మేడం" అన్నాడు ఫోన్లో కుర్రాడు. పగలు రమ్మంటే రెండు వేలు ఎక్కువ. మా ఆయన "వాళ్ల పని వాళ్లకి తెలీదా" అంటారు. నాకు మాత్రం మనసొప్పట్లేదు.

నరసన్నపేట పాత డ్రైవరు:
అమ్మా, నాను ఇరవై రెండేళ్లు లారీ తోలినాను. రెండు వేలకి చూసుకోకండి. రాత్రి తోలడం తప్పు కాదు, పగలంతా పనిచేసినోడు తోలడం తప్పు. రెండు దాటినాక కళ్లు తెరిచే ఉంటాయి గానీ రోడ్డు బుర్రకెక్కదు. హైవే పక్కన ఇండికేటర్ కూడా ఎయ్యకుండా ఆపీసిన బండి, మీదకొచ్చీదాకా తెలీదు. రోజుకి 8 గంటల పని, ఐదు గంటలు తోలితే అరగంట రెస్టు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే ఉండేదట. మా ఓనర్లు ఎవులూ సెప్పనేదు, బండి మానేసినాక మా అబ్బాయి ఫోన్లో సదివి సెప్పినాడు.

ఓపాలి రణస్థలం దాటినాక నా బండి మీంచి ప్లాస్టిక్ కుర్చీ ఎగిరిపోనాది. ఎనక బైకు మీద మొగుడూ పెళ్లాం. ఆ అబ్బాయి పక్కకి తిప్పుకున్నాడు కాబట్టి సరిపోనాది. తప్పు నాదే, పైన ఒకే తాడు ఏసినాను. తేలికని పరుపులూ కుర్చీలూ పైన పడేత్తాం, గాలి వాటినే పట్టుకుంటాది. బీరువా, వాషింగ్ మెషీన్ కింద, కేబిన్ వైపు పెట్టించండి. బయలెల్లిన కాసేపటికి సామాను కుదురుకుని తాళ్లు వదులైపోతాయి. టెక్కలి దగ్గర ఆపి మళ్లీ బిగించమనండి.

ఆ ముగ్గుర్నీ మాత్రం ఎనక ఎక్కనీకండి. సడన్ బ్రేకు ఏస్తే బీరువా ఆళ్ల మీదకే.

కొత్తవలస నుంచి:
మేం రాత్రే మారాం, ఏం కాలేదు. ట్రాఫిక్ ఉండదు కదా.

నరసన్నపేట పాత డ్రైవరు:
ట్రాఫిక్ ఉండదనే గదా బాబూ అందరూ ఎనభై మీద తోలతారు.

బీమా పనిలో ఉన్నాను:
బండి నంబరు అడిగి ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఫిట్‌నెస్, బీమా తేదీలు కనిపిస్తాయి. నంబరు ప్లేటు పసుపుదేనా చూడండి, తెల్లప్లేటు బండిని కిరాయికి తిప్పితే క్లెయిమ్ దగ్గర పేచీయే. సరుకు సొంతదారు కేబిన్‌లో కూర్చుంటే బండి బీమా వర్తిస్తుంది, మోటారు వాహనాల చట్టానికి 1994లో చేసిన సవరణ నుంచి ఉన్నదే. సామాన్లకి బీమా మాత్రం వేరే, ట్రాన్సిట్ పాలసీ అడగాలి. సామాన్ల చిట్టా రాసి వాళ్ల సంతకం పెట్టించుకోండి.

అడిగినావిడ:
ఫోన్ చేశాను. ఆదివారం పొద్దున్నే వస్తామన్నారు, పదిహేను వందలకి దిగారు. డ్రైవరు అతనేనట, కానీ బరంపురం పని శుక్రవారానికి జరిపారు. హెల్పర్లకి రైలు టికెట్లు మేమే తీస్తున్నాం. తాళ్ల మాటెత్తితే కుర్రాడు నవ్వాడు. కేబిన్‌లో మా ఆయన కూర్చుంటారు, టెక్కలిలో దిగి తాళ్లు చూసే డ్యూటీ ఆయనదే.